తాగుడు మానేశాక వచ్చే ఒళ్ళు నొప్పులకి విజయ ఆకు నూనె: మా ఇంట్లో వాడాక నా రివ్యూ, 5కి 2 స్టార్లు

రివ్యూ కాస్త పెద్దగానే ఉంటుంది. మీ ఇంట్లో ఎవరైనా తాగుడు మానేసి, మానేసిన దగ్గర్నుంచి నడుము, పిక్కలు, భుజాలు అని మూలుగుతుంటే, ఫోన్లో కనిపించే గంజాయి ఆకు నూనె ఆర్డర్ పెడదామా అని మీరు ఆలోచిస్తుంటే మాత్రం మొత్తం చదవండి. బాటిల్ బాగుంది, డెలివరీ చెప్పిన టైముకే వచ్చింది, వాళ్ళ పేజీలో రాసిన సైన్సులో సగం నిజం కూడా. కానీ ఆ నిజానికీ ఈ సీసాలో ఉన్నదానికీ వాళ్ళు చెప్పేంత సంబంధం లేదు, అందుకే రెండు స్టార్లు. కంపెనీ పేరు రాయట్లేదు, ఇలాంటివి అమ్మేవాళ్ళు చాలామంది ఉన్నారు, అందరి పేజీల్లోనూ దాదాపు అవే మాటలు.

వాడింది మా తమ్ముడు. హనుమకొండలో ఇళ్ళకి వైరింగ్ కాంట్రాక్టులు చేస్తాడు, వయసు నలభై దాటింది, చాలా ఏళ్ళ నుంచి రోజూ తాగేవాడు. నేను డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్తాను, అందుకని వాడు ఈ నూనె తెప్పించుకోగానే బాటిల్ నా చేతికి ఇచ్చి అక్కా ఇది చూడు అన్నాడు.

ముందు నొప్పి గురించి చెప్పాలి, ఎందుకంటే అసలు గొడవంతా అక్కడే. మా వాడు గవర్నమెంటు హాస్పిటల్ సైకియాట్రీ వార్డులో ఉండి మానేశాడు, వణుకు తగ్గింది, చెమటలు తగ్గాయి, తిండి తింటున్నాడు, ఇంటికి పంపించారు. ఇంటికొచ్చాక నొప్పులు ఇంకా ఎక్కువయ్యాయి, రాత్రి దుప్పటి కాళ్ళకి తగిలినా మంట అంటాడు, మా మరదలు భుజం మీద చెయ్యి వేస్తే అబ్బా అని లాక్కుంటాడు, వాచ్ బెల్టు కూడా పెట్టుకోలేకపోయాడు. ఇంట్లో పెద్దవాళ్ళు ఏమన్నారంటే, తాగినన్నాళ్ళు లేని నొప్పి మానేస్తే వచ్చిందా, ఇదంతా మళ్ళీ సీసా పట్టడానికి సాకు అన్నారు. ఈ మాట చాలా ఇళ్ళల్లో వింటారు. దీనికి జవాబు అవును, మానేసినప్పుడే ఇలా రావొచ్చు, అది సాకు కాదు. దయచేసి ఈ ఒక్క విషయం నమ్మండి, నూనె కొన్నా కొనకపోయినా.

ఎందుకొస్తుందో నాకు తెలిసినంత చెప్తాను. మన ఒంట్లోనే గంజాయిలో ఉండే పదార్థం లాగా పనిచేసేవి తయారవుతాయి, వాటిని ఎండోకానబినాయిడ్లు అంటారు. అందులో ముఖ్యమైనవి రెండు, ఆనందమైడ్ 1992లో దొరికింది, 2-ఏజీ అనేది 1995లో. రెండింటి వెనకా ఇజ్రాయెల్‌లో రాఫెల్ మెషూలమ్ గారి ల్యాబ్ ఉంది, ఆయనే 1964లో గంజాయిలోని మత్తు పదార్థం టీహెచ్‌సీని విడదీసిన మనిషి. ఇవి పట్టుకునే చోటు సీబీ1 రిసెప్టర్, అది మెదడులోనూ వెన్నుపాములోనూ నొప్పి కబురు వెళ్ళే దారిలో చాలా చోట్ల ఉంటుంది. పని చేసే తీరు విచిత్రంగా ఉంటుంది. మామూలుగా ఒక నరం కణం నుంచి ఇంకో కణానికి కబురు ముందుకే పోతుంది కదా, ఇవి మాత్రం అందుకున్న కణంలో పుట్టి వెనక్కి వెళ్ళి, పంపుతున్న కణానికి ఇక చాలు తగ్గించు అని చెప్తాయి. మిద్దె మీద ట్యాంకు నిండగానే ఫ్లోటు లేచి కింద మోటరు ఆపేస్తుంది చూడండి, అచ్చం అలాంటిది, మా వాడికి ఇలా చెప్తేనే అర్థమైంది.

ఇప్పుడు రోజూ తాగే మనిషి సంగతి. మద్యం ఈ సిస్టమ్‌ని రోజూ కదిలిస్తూనే ఉంటుంది, ఏళ్ళ తరబడి కదిలిస్తే ఒళ్ళు ఊరుకోదు, రిసెప్టర్లని తగ్గించేసుకుంటుంది. ఇది ఎలుకల్లో చూసింది మాత్రమే కాదు, 2013లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ఎన్ఐహెచ్‌లో తాగుడుకి బానిసలైనవాళ్ళని చేర్చుకుని మెదడుకి పెట్ స్కాన్ (రిసెప్టర్లు ఎక్కడ ఎంత ఉన్నాయో చూపించే స్కాన్) తీస్తే సీబీ1 కనిపించడం మామూలువాళ్ళ కన్నా 20 నుంచి 30 శాతం తక్కువ ఉంది, రెండు నుంచి నాలుగు వారాలు తాగకుండా ఉన్నాక మళ్ళీ తీసినా కోలుకోలేదు. ఆ తర్వాతి ఏడాది బెల్జియంలో చేసిన స్కాన్ల స్టడీలో కూడా నెల రోజులు మానేశాక ఆ తగ్గుదల అలాగే ఉంది. అంటే ఏమైందండీ, ఆపమని చెప్పే ఏర్పాటు బలహీనపడింది, పైన మద్యం ఇచ్చే మొద్దుతనం కూడా పోయింది, ఇక చిన్న తాకిడి కూడా పెద్ద నొప్పిగా మెదడుకి చేరొచ్చు. తాగుడు అలవాటు చేసి ఆపేసిన ఎలుకలు కూడా పంజా మీద కొంచెం ఒత్తిడి పెట్టగానే లాగేసుకుంటాయి, మామూలు ఎలుక అంత ఒత్తిడికి పట్టించుకోదు. మా వాడి దుప్పటి సంగతి, ఈ ఎలుక పంజా సంగతి ఒకటేనని నాకు అనిపించింది.

అన్నీ దీని వల్లే అని కాదు. మెదడుని శాంతపరిచే గాబా, ఉత్తేజపరిచే గ్లుటమేట్ అనేవి తలకిందులవడం, ఒత్తిడి హార్మోన్లు పైకి లేవడం, ఏళ్ళ తరబడి సరిగ్గా తినక బీ1 విటమిన్ పడిపోయి కాళ్ళ నరాలు దెబ్బతినడం, ఇవన్నీ కలిసే ఉంటాయి. అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు ఎక్కువ ఈ చివరి బాపతు, దానికి వేరే ట్రీట్‌మెంట్ ఉంది.

సరే, నూనె దగ్గరికొస్తాను. వాళ్ళ పేజీలో ఏం రాశారంటే మద్యం మీ ఎండోకానబినాయిడ్ సిస్టమ్‌ని ఖాళీ చేసింది, మా నూనె దాన్ని తిరిగి నింపుతుంది, నొప్పి పోతుంది, తాగాలన్న కోరిక పోతుంది అని. మొదటి ముక్క సగం నిజం, పైన చెప్పాను కదా. రెండో ముక్కకే నా అభ్యంతరం. ఈ నూనె గంజాయి మొక్క ఆకు సారంతో చేసింది, ఆయుర్వేదంలో విజయ అంటారు, ఇందులో టీహెచ్‌సీ, సీబీడీ (గంజాయిలోనే ఉండే, మత్తు ఎక్కించని ఇంకో పదార్థం) రెండూ ఉంటాయి. సీబీడీ అసలు సీబీ1ని సరిగ్గా పట్టుకోదు. టీహెచ్‌సీ పట్టుకుంటుంది, కానీ అక్కడే ప్రమాదం కూడా. రోజూ గంజాయి తాగేవాళ్ళకి స్కాన్ తీస్తే వాళ్ళలోనూ సీబీ1 తగ్గి కనిపించింది, మానేసిన నాలుగు వారాలకి మామూలుకి వచ్చింది. అంటే మద్యంతో తగ్గిపోయిన రిసెప్టర్ మీదే ఇంకో వైపు నుంచి రోజూ బరువు పెట్టడం అవుతుంది. నింపడం అనే మాట ఇక్కడ ఎలా సరిపోతుందో నాకు అర్థం కాలేదు. కొన్ని చుక్కల డోసులో అంత ప్రభావం ఉంటుందా అంటే తక్కువే ఉండొచ్చు, అప్పుడు నొప్పి మీద కూడా తక్కువే ఉంటుంది కదా.

మొక్క జోలికి పోకుండా మన ఒంట్లో తయారయ్యేదాన్నే కరిగిపోకుండా ఆపితే ఎలా ఉంటుందని సైంటిస్టులు కూడా చూశారు. ఆనందమైడ్‌ని విరగ్గొట్టే ఎంజైమ్ ఫా, 2-ఏజీని విరగ్గొట్టేది మాగ్ల్. స్కాట్లాండ్‌లో జో కామెరాన్ అనే ఆవిడకి పుట్టుకతోనే ఫా సరిగ్గా పని చెయ్యదు, ఒంట్లో ఆనందమైడ్ ఎక్కువ, ఆవిడకి జీవితమంతా నొప్పి దాదాపు తెలీదు, 2019లో ఈ కేసు బయటికొచ్చింది. 2018లో వచ్చిన ఎలుకల స్టడీలో మాగ్ల్‌ని ఆపితే మద్యానికి అలవాటుపడ్డవాటిలో ఆందోళన, తాగడం తగ్గాయి. చదివితే చాలా ఆశ పుడుతుంది, నాకూ పుట్టింది. కానీ మనుషుల్లో మోకాలి అరుగుదల నొప్పికి ఫాని ఆపే మాత్ర ఇచ్చి చూస్తే పని చెయ్యలేదు, 2016 జనవరిలో ఫ్రాన్స్‌లోని రెన్నెలో ఇలాంటి ఇంకో మందుని ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మీద ట్రయల్ చేస్తే ఒకాయన చనిపోయారు, ఇంకొందరు ఆసుపత్రి పాలయ్యారు. అంటే దారి ఉంది గానీ రోడ్డు ఇంకా పడలేదు, ఆ రోడ్డు మీద బస్సు నడుపుతున్నట్టు టికెట్లు అమ్మడం తప్పు.

ఇంక వాడిన అనుభవం. 30 ఎంఎల్ సీసా మూడు వేల దగ్గర పడింది, డ్రాపర్ మీద గీతలు స్పష్టంగా ఉన్నాయి, లీకేజీ లేదు, ఆకు పచ్చి వాసన, చేదు, నాలుక కింద వేసుకోవాలి. కొనాలంటే ప్రిస్క్రిప్షన్ ఉండాలి, అది మంచి రూలే, కానీ వాళ్ళే వీడియో కాల్‌లో డాక్టర్‌ని కలుపుతారు, ఆ కాల్ టీ చల్లారేలోపు అయిపోయింది. ఎన్నాళ్ళు తాగావు, లివర్ ఎలా ఉంది, ఇప్పుడు ఏ మాత్రలు వేసుకుంటున్నావు, ఫిట్స్ వచ్చాయా, ఈ నాలుగింట్లో ఒక్కటీ అడగలేదట. నొప్పి ఎక్కడ అని అడిగి, చుక్కలు ఎన్నో చెప్పి, ప్రిస్క్రిప్షన్ పంపించేశారు. నాకు కోపం వచ్చింది ఇక్కడే. తాగుడు మానేసిన మనిషిని వీళ్ళే ఏరి కోరి యాడ్ పెట్టి పిలుస్తున్నారు, పిలిచినప్పుడు లివర్ గురించి అడగాలి కదా.

లేబుల్ మీద మొత్తం సారం ఎన్ని మిల్లీగ్రాములో ఉంది గానీ అందులో టీహెచ్‌సీ ఎంత, సీబీడీ ఎంత అని విడిగా లేదు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ల్యాబ్ రిపోర్టు వస్తుంది, అది వేరే బ్యాచ్‌ది. కస్టమర్ కేర్‌కి మెయిల్ పెడితే మా ఉత్పత్తి పూర్తిగా సహజం అని జవాబు వచ్చింది, నేను అడిగింది అది కాదు.

పని చేసిందా అంటే, మొదటి రాత్రుళ్ళు నిద్ర కాస్త ఎక్కువ పట్టిందన్నాడు. పొద్దున లేచాక తల బరువు, నోరు ఎండిపోవడం. కాళ్ళ మంట అలాగే ఉంది, భుజం తాకితే లాక్కోవడం అలాగే ఉంది. వైరింగ్ పని అంటే నిచ్చెన ఎక్కాలి, కరెంటుతో పని, ఆ మత్తులో ఎలా చేస్తాడు, మా మరదలు పనికి పంపడానికే భయపడింది. తర్వాత రివ్యూకి వార్డుకి వెళ్తే, తగ్గుతూ వస్తున్న లివర్ ఎంజైములు (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగేవి) మళ్ళీ కొంచెం పైకి వచ్చాయి. డాక్టర్ గారు ఏమేం వాడుతున్నావని ఒక్కొక్కటీ అడిగి, నూనె సంగతి తెలిశాక ఆపెయ్యమన్నారు. నూనె వల్లే పెరిగాయని ఆయన గట్టిగా చెప్పలేదు, నేనూ చెప్పను, కానీ సీబీడీ ఎక్కువ డోసులో లివర్ ఎంజైముల్ని పెంచగలదని మూర్ఛకి వాడే సీబీడీ మందు మీదే తెలిసిన విషయం, అది అమెరికాలో 2018లో అనుమతి పొందిన అసలైన మెడిసిన్. పైగా సీబీడీ లివర్లో వేరే మాత్రల్ని కరిగించే ఎంజైముల్ని అడ్డుకుంటుంది, విత్‌డ్రాయల్‌కి, అంటే తాగుడు ఆపినప్పుడు వచ్చే బాధలకి ఇచ్చే కొన్ని మత్తు మాత్రలు ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోవచ్చు, మత్తు మీద మత్తు. ఆ మాత్రలు నడుస్తున్నప్పుడు డాక్టర్‌కి చెప్పకుండా ఇలాంటివి వెయ్యకండి, ఆయుర్వేదం కదా ఏం కాదులే అనుకోకండి.

చట్టం గురించి చాలామంది అడుగుతారు. 1985 మత్తు పదార్థాల చట్టం ఎన్‌డీపీఎస్‌లో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొనలు, విడిగా ఉన్న ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు, అందుకే ఆకు సారం ఆయుర్వేద లైసెన్సు మీద ప్రిస్క్రిప్షన్‌తో అమ్ముతున్నారు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్ వెళ్ళేవాళ్ళకి మాత్రం ఒక మాట, ఈ సీసా బ్యాగులో పెట్టుకుని దుబాయ్, ఖతార్, సౌదీ ఫ్లైటు ఎక్కొద్దు. ఆకు నూనె, ప్రిస్క్రిప్షన్ ఉంది అంటే అక్కడ కుదరదు, జైలుకి కూడా పోవచ్చు. అకామా (అక్కడ ఉండే పర్మిట్) కోసం, కంపెనీ మెడికల్ కోసం యూరిన్ టెస్టు ఉంటే టీహెచ్‌సీ అందులో పడుతుంది, వాడటం ఆపిన తర్వాత కూడా కొన్నాళ్ళు. వాళ్ళ పేజీలో ఈ హెచ్చరిక ఎక్కడా లేదు. ఇది ఒక్కటే చాలు నేను ఒక స్టార్ కొయ్యడానికి.

మరి మా వాడికి నొప్పి దేనికి తగ్గింది అంటే ఒక్కదానికి కాదు. వార్డులో మొదటి రోజే గ్లూకోజ్ కన్నా ముందు థయామిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు, అదే బీ1, తర్వాత మాత్రల్లో కొనసాగించారు, అరికాళ్ళ మంట దానితో మెల్లగా దిగింది, చాలా మెల్లగా. నొప్పులకి రాత్రి పూట గాబాపెంటిన్ అనే నరాల నొప్పి మాత్ర రాశారు, డోసు వాళ్ళే చూసుకున్నారు. పారాసిటమాల్ కూడా రోజుకి 2 గ్రాములు దాటొద్దన్నారు లివర్ కోసం. మెడికల్ షాపులో అడిగి బ్రూఫెన్ లాంటివి మింగొద్దని, కడుపులో రక్తస్రావం అవుతుందని, ట్రమడాల్ అనే గట్టి నొప్పి మాత్ర అసలే వద్దని, ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుందని ఒకటికి రెండుసార్లు చెప్పారు. అప్పుడే మానేసినవాళ్ళు నొప్పికి మొదట పరిగెత్తేది ఈ రెండింటి కోసమే, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఇంకోటి నడక. పొద్దున పద్మాక్షి గుట్ట వైపు మెల్లగా నడవడం మొదలుపెట్టాడు, మొదట పిక్కలు పట్టేసేవి, ఏడుపొచ్చేది, తర్వాత తర్వాత నడిచిన రోజు నొప్పి తక్కువ ఉంటోందని వాడే చెప్పాడు. కాసేపు ఒళ్ళు వెచ్చబడేలా వ్యాయామం చేస్తే రక్తంలో ఆనందమైడ్ పెరుగుతుందని మనుషుల్లోనే చూశారు. సీసాలో వాళ్ళు అమ్ముతామన్నది ఒంట్లోనే తయారవుతుంది కాబట్టి ఆ మూడు వేలు పెట్టి మంచి బూట్లు కొనుక్కోవచ్చు, కాకపోతే డాక్టర్ సరే అన్నాకే, గుండె, బీపీ చూసుకుని.

అన్నిటికన్నా ఎక్కువ పని చేసింది మాత్రం ఇంట్లో ఆ మాట ఆగిపోవడం. వార్డులో ఒక సిస్టర్ రోజూ వచ్చి ఇవాళ నొప్పి పదికి ఎంత అని అడిగేవారు, వాడు చెప్పిన నంబర్ రాసుకునేవారు, అంతే. అది చూసి మా అమ్మ కూడా అడగడం మొదలుపెట్టింది. నమ్మేవాళ్ళు ఉంటే నొప్పి ఉన్నా వాడు బయటికి, బెల్ట్ షాపు వైపు పోలేదు. నొప్పి ఎక్కువైన రోజే కోరిక కూడా ఎక్కువయ్యేది, ఆ రెండూ కలిసే నడుస్తాయని వాడి నోటితోనే విన్నాను. అందుకే దాన్ని సాకు అనొద్దని మొదట్లో అంత గట్టిగా చెప్పాను.

ఇంకా ఇంట్లోనే మాన్పించాలనుకునేవాళ్ళకి, దయచేసి ఈ నూనెని నమ్ముకుని ఆ పని చెయ్యకండి. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే కొన్ని గంటల్లో వణుకు, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి ఏవేవో కనిపించి జ్వరం రావడం జరగొచ్చు, ప్రాణం పోతుంది, ఏ ఆకు సారమూ దాన్ని ఆపదు. కల్లు తాగేవాళ్ళ విషయం ఇంకా జాగ్రత్త, తెలంగాణలో కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డైజీపాం అనే మత్తు మందులు కలపడం పాత రోగం, 2020లో లాక్‌డౌన్‌కి దుకాణాలు మూసినప్పుడు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకి జనం ఎలా పరిగెత్తారో అందరం చూశాం. అది ఆపినా ఫిట్స్ వస్తాయి. ఆసుపత్రి దూరమైతే ముందు ఫోన్ చెయ్యండి, మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416, వ్యసనాల హెల్ప్‌లైన్ 14446, రెండూ ఫ్రీ.

స్టార్లు ఇచ్చింది ఎందుకంటే, ఒకటి ప్యాకింగ్, డెలివరీ, డ్రాపర్‌కి. రెండోది, తాగుడు మానేసినవాళ్ళకి నొప్పి నిజంగా ఉంటుందని బహిరంగంగా రాసినందుకు, మన దగ్గర ఆ మాట రాసేవాళ్ళే తక్కువ. టీహెచ్‌సీ, సీబీడీ విడివిడిగా వేసి, బ్యాచ్ రిపోర్టు సరైనది పెట్టి, లివర్ టెస్టు చూడకుండా ప్రిస్క్రిప్షన్ ఇవ్వడం ఆపితే మళ్ళీ వచ్చి ఇంకో స్టార్ పెంచుతాను. సీల్ తీశాక రిటర్న్ తీసుకోరు, కాబట్టి తీసుకునేవాళ్ళు సీల్ తియ్యకముందే బాటిల్ మీద బ్యాచ్ నంబర్, క్యూఆర్‌లో వచ్చే నంబర్ ఒకటో కాదో చూసుకోండి, మీ డాక్టర్‌కి లేబుల్ ఫోటో పంపి అడగండి.